జూదగృహం నుంచి ఖాతా చిట్టా దాకా: తెలుగునాట జూదాన్ని గుర్తించిన తీరు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ ఆటల్లో జూద వ్యసనాన్ని దత్తాంశ విజ్ఞానం (డేటా సైన్స్) సాయంతో ముందుగా గుర్తించే ప్రయత్నాలు ఈ శతాబ్ది తొలి దశకంలో ఐరోపాలో ప్రారంభమయ్యాయి. వాటికి పూర్వం తెలుగు ప్రాంతంలో అమలైన చట్టాలు జూదం జరిగే ఇంటిని గుర్తించాయి. న్యాయస్థానాలు ఆట స్వభావాన్ని తూచాయి. ఆడే మనిషికి కలిగే హాని మాత్రం రెండింటి దృష్టికీ రాలేదు. ఈ పరిణామాన్ని 1930 మద్రాసు చట్టం నుంచి 2025 కేంద్ర చట్టం వరకు పరిశీలించి, కొత్త పద్ధతి సింగరాయకొండ వంటి ఋతువులపై ఆధారపడిన ఆదాయ ప్రాంతానికి ఎంతవరకు సరిపోతుందో చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: జూద చట్టాలు, రమ్మీ, సమస్యాత్మక జూదం, దత్తాంశ విజ్ఞానం, ప్రకాశం జిల్లా, ఋతు ఆదాయం.

1. ఉపోద్ఘాతం

విజయవాడ–గూడూరు రైలుమార్గం మీద, పదహారవ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న మండల కేంద్రం సింగరాయకొండ. వరాహ లక్ష్మీనరసింహస్వామి క్షేత్రంగా దానికి ప్రసిద్ధి ఉంది. తూర్పున పాకల తీరంలో చేపల వేట, రొయ్యల చెరువులు. పడమట కందుకూరు, కొండపి వైపు పొగాకు, శనగ. ఇంకా ఎగువన గుంటూరు, పల్నాడు దాకా మిరప, ప్రత్తి. ఈ మైదానంలో నెలజీతం మీద బతికేవారికంటే పంట మీద, వేట మీద బతికేవారే ఎక్కువ. ఇక్కడ డబ్బు ఏడాది పొడవునా సమంగా రాదు. కొన్ని వారాల్లో ఒక్కసారిగా వస్తుంది. మిగిలిన నెలలు అప్పుతోనో పొదుపుతోనో గడుస్తాయి.

ఇటువంటి ప్రాంతంలోకి చేతిఫోను ద్వారా డబ్బు పందెం ప్రవేశించింది. గతంలో పేకాడాలంటే తోటకో లాడ్జికో క్లబ్బుకో వెళ్లాలి, నలుగురు కూడాలి. ఇప్పుడు ఒక్కడే మంచం మీద పడుకుని ఆడవచ్చు. ఆన్‌లైన్ రమ్మీలోనో క్రికెట్ బెట్టింగులోనో సొమ్ము పోగొట్టుకుని, రుణ యాప్‌ల ఒత్తిడికి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల పత్రికల్లో పదేపదే వెలువడ్డాయి. అటువంటి ప్రతి వార్తలోనూ ఒకే విషయం కనిపిస్తుంది: విషయం ఇంట్లోవాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ముందుగా తెలుసుకునే మార్గం ఉందా అన్నది నేటి దత్తాంశ విజ్ఞానం వేసుకున్న ప్రశ్న. ఆ ప్రశ్న తెలుగునాట ఇంత ఆలస్యంగా ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవాలంటే జూదాన్ని ఇక్కడి సాహిత్యం, చట్టం, న్యాయస్థానం వరుసగా ఎక్కడ వెతికాయో చూడాలి.

2. పణాల వరుస: సాహిత్యం గమనించినది

జూదరి మనస్తత్వం భారతీయ సాహిత్యానికి కొత్త విషయం కాదు. ఋగ్వేదం పదవ మండలంలోని అక్షసూక్తం పాచికలకు బానిసైన మనిషి దుఃఖాన్ని చెప్పింది. నన్నయ తెలుగు చేసిన సభాపర్వంలో ద్యూత ఘట్టం నడిచే తీరు మరింత ముఖ్యమైనది. ధర్మరాజు ముందు సంపదను ఒడ్డుతాడు. తరువాత రథాలను, పరివారాన్ని, రాజ్యాన్ని. ఆపైన తమ్ములను, తనను, చివరికి ద్రౌపదిని. ఓడినకొద్దీ పణం పెరుగుతుంది, విరమించే అవకాశం తగ్గుతుంది. కథను కదిలించేది ఏ ఒక్క పందెమో కాదు, పందేల వరుస.

పల్నాటి వీరుల కథాసంప్రదాయంలో కోడిపోరు కూడా ఇటువంటిదే. బ్రహ్మనాయుడు, నాగమ్మల పక్షాల మధ్య కోడిపందెంలో ఓడినవారు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్న ఒప్పందం ఆ కథకు మలుపు. అక్కడ పందెం ఒక్కటే అయినా దాని బరువు పందెం కాసినవారి శక్తిని మించిపోయింది.

ఈ రెండు కథలూ జూదంలోని హానిని పాచికలోనో కోడిలోనో వెతకలేదు. మనిషి ఎంత ఒడ్డాడు, ఓడిన తరువాత ఏం చేశాడు, ఎక్కడ ఆగలేకపోయాడు అన్నవే వాటికి ముఖ్యం. ఆధునిక చట్టం పుట్టేసరికి ఈ దృష్టి పక్కకు తప్పుకుంది.

3. ఇంటిని చూసిన చట్టం

బ్రిటిష్ పాలనలో 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం భారతదేశంలోని జూద చట్టాలకు మాతృకగా నిలిచింది. మద్రాసు రాజధానిలో 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం అమలులోకి వచ్చింది. అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉన్న కందుకూరు ప్రాంతానికీ, గుంటూరు జిల్లాలో ఉన్న ఒంగోలుకూ ఆ చట్టమే వర్తించింది. నిజాం రాజ్యంలో మాత్రం 1305 ఫసలీ నాటి హైదరాబాదు గ్యాంబ్లింగ్ చట్టం ఉండేది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా చాలాకాలం ఒకే రాష్ట్రంలో రెండు జూద చట్టాలు నడిచాయి. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లాగా పేరు మార్చుకుంది. ఆ తరువాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం రాష్ట్రమంతటికీ ఒకే శాసనంగా వచ్చింది.

ఈ చట్టాలన్నింటికీ కేంద్రం 'సామాన్య జూదగృహం' అన్న భావన. పేకలు, పాచికలు వంటి జూద సాధనాలను ఒక స్థలంలో ఉంచి, ఆ స్థలం యజమాని లాభం పొందితే అది జూదగృహం. పోలీసులు వారంటుతో సోదా చేసినప్పుడు అటువంటి సాధనాలు దొరికితే, అది జూదగృహమేననీ, అక్కడున్నవారు ఆడుతున్నవారేననీ చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుబడినవారిది.

గుర్తింపు పద్ధతిగా చూస్తే ఇది చాలా స్పష్టమైనది. ఇల్లు, సాధనం, సొమ్ము: ఈ మూడూ కంటికి కనిపించేవి, పంచనామాలో రాయదగినవి. పేకాట శిబిరంపై దాడి జరిగిన మరునాడు పత్రికలో వచ్చే వార్తలో నేటికీ ఇవే ఉంటాయి: ఇంతమంది అరెస్టు, ఇంత నగదు స్వాధీనం, ఇన్ని ద్విచక్రవాహనాలు. కానీ ఆ పంచనామాలో అందరూ సమానమే. సంక్రాంతికి సరదాగా వంద రూపాయలు పెట్టిన మనిషీ, పొలం తనఖా పెట్టి వచ్చిన మనిషీ ఒకే వరుసలో నిలబడతారు. వారిద్దరినీ వేరుచేసే గడి ఆ పత్రంలో లేదు.

4. ఆటను తూచిన న్యాయస్థానం

చట్టం నైపుణ్యంతో ఆడే ఆటలకు మినహాయింపు ఇచ్చింది. అందువల్ల వివాదం ఇంటి నుంచి ఆట మీదికి మళ్లింది. 1957లో ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు నైపుణ్యం ప్రధానమైన పోటీలను జూదం నుంచి వేరుచేసింది. ఆ సూత్రాన్ని పేకాటకు అన్వయించిన ముఖ్యమైన తీర్పు తెలుగు నేల నుంచే వెళ్లింది.

సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బులో 1963లో పోలీసులు సోదా చేసి, రమ్మీ ఆడుతున్నవారిపైన, క్లబ్బు బాధ్యులపైన హైదరాబాదు చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు నిర్దోషులుగా ప్రకటించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో 'స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ' కేసులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెబుతూ, మూడు ముక్కలాటకూ రమ్మీకీ భేదం ఉందన్నారు. రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవాలి, ఏ ముక్క ఉంచాలో ఏది విడవాలో తెలియాలి. కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని న్యాయస్థానం భావించింది.

అదే తీర్పులో మరొక హెచ్చరిక ఉంది. రమ్మీ అయినా మరే ఆట అయినా పందెం కట్టి ఆడుతున్నప్పుడు దాని నుంచి క్లబ్బు యజమాని లాభం గడిస్తున్నట్లు సాక్ష్యముంటే నేరం నిలబడవచ్చునని న్యాయస్థానం స్పష్టం చేసింది. తరువాతి అర్ధశతాబ్దిలో తీర్పులోని మొదటి భాగమే ఎక్కువగా ఉదాహరణకు వచ్చింది. ఆన్‌లైన్ రమ్మీ వ్యాపారం తన చట్టబద్ధతకు ఆధారంగా చూపిన తీర్పుల్లో ఇది ప్రధానమైనది. ప్రతి ఆట మీదా కమీషన్ తీసుకునే సంస్థకు, సభ్యుల కోసం నడిచే క్లబ్బుకు ఉన్న తేడాను రెండో భాగం గుర్తుచేస్తుంది.

ఏమైనా ఈ చర్చలో కూడా ఆటగాడు లేడు. నైపుణ్యమున్న ఆటలో కూడా మనిషి సర్వస్వం పోగొట్టుకోవచ్చు. తాను నిపుణుడినన్న నమ్మకమే అతణ్ణి మళ్లీ బల్ల దగ్గరికి తీసుకురావచ్చు. ఆట ఏ తరగతికి చెందుతుందో తేల్చినంత మాత్రాన ఆడేవాడి స్థితి తేలదు.

5. ప్రత్తి ధరల నుంచి చేతిఫోను దాకా

ఇంటిని చూసే చట్టానికి తొలి సవాలు ఫోనుతో రాలేదు, మట్కాతోనే వచ్చింది. మట్కా పుట్టుకకు ప్రత్తితో సంబంధముంది. న్యూయార్కు ప్రత్తి మార్కెట్టు ప్రారంభ, ముగింపు ధరలు బొంబాయికి చేరేవి. ఆ ధరల అంకెల మీద అక్కడ పందేలు కాసేవారు. 1960వ దశకం తొలినాళ్లలో ఆ ధరల ఆధారం ఆగిపోగా, కుండలోంచి చీటీ తీయడం, పేకముక్కల అంకెలు తీయడం దాని స్థానంలోకి వచ్చాయి. 'మట్కా' అంటే కుండ. కళ్యాణ్ మట్కా పేరుతో అది దేశమంతా పాకింది. తెలుగునాట, ముఖ్యంగా రాయలసీమ పట్టణాల్లో, వేళ్లూనుకుంది.

మట్కాకు ఇల్లు అక్కరలేదు. కిళ్లీ కొట్టు దగ్గర చీటీ రాస్తే చాలు. పందెం కట్టిన చోట ఫలితం తేలదు; ఫలితం తేలిన చోట ఆడినవాడు ఉండడు. పంట ధరగా పుట్టిన అంకె పంటతో సంబంధం తెంచుకుని, కేవలం సమాచారంగా మారి జూదమైంది. 2008లో ఐ.పి.ఎల్. ప్రారంభమైన తరువాత క్రికెట్ బెట్టింగు కూడా ఇదే దారిలో నడిచింది: బుకీ ఒకచోట, ఫోను మరొకచోట, మ్యాచ్ ఇంకెక్కడో.

2016లో యు.పి.ఐ. వచ్చిన తరువాత చెల్లింపు క్షణాల పని అయింది. 2020 లాక్‌డౌన్ నెలల్లో చేతిలో ఫోను, ముందు ఖాళీ సమయం మిగిలాయి. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్య ఆటల మినహాయింపును తొలగించి, డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి అదే మార్గం పట్టింది. నిర్వాహకులతో పాటు ఆడేవారికి కూడా ఆరు నెలల వరకు జైలు శిక్షకు వీలు కల్పించింది. ఆ ఏడాది అక్టోబరులో 132 వెబ్‌సైట్లను, యాప్‌లను నిలిపివేయాలని రాష్ట్ర ముఖ్యమంత్రి కేంద్రాన్ని కోరారు.

132 పేర్ల జాబితా అన్నది 1930 నాటి దృష్టికి కొనసాగింపే. జూదగృహం స్థానంలో వెబ్‌సైటు వచ్చింది. సోదా స్థానంలో నిలుపుదల వచ్చింది. అయితే ఇంటికి తాళం వేస్తే ఆ ఇల్లు మూతపడుతుంది. వెబ్‌సైటును ఆపితే మరో పేరుతో తెరుచుకుంటుంది. ఫోను ఉన్న చోటును మార్చి చూపే యాప్‌లతో నిషేధిత రాష్ట్రాల్లో ఆట కొనసాగిన సంగతి కూడా వార్తల్లోకి వచ్చింది.

6. ఆటగాణ్ణి చదివిన దత్తాంశం

ఆడే మనిషిని అధ్యయనం చేసే మరో మార్గం ఇదే కాలంలో వేరే చోట రూపుదిద్దుకుంది. అమెరికా మనోవైద్య సంఘం 1980లో తన వర్గీకరణ గ్రంథం మూడవ ముద్రణలో జూద వ్యసనాన్ని రుగ్మతగా చేర్చింది; 2013లో ఐదవ ముద్రణలో దానిని మాదకద్రవ్య వ్యసనాల సరసన ఉంచింది. సామాజిక శాస్త్రవేత్త హెన్రీ లెసియర్ 1970వ దశకంలోనే, పోగొట్టుకున్నదాన్ని ఆటలోనే రాబట్టుకోవాలన్న తపన ఈ వ్యసనానికి కేంద్రమని చూపారు. 1987లో, 2001లో రూపొందిన ప్రశ్నావళులు ఈ లక్షణాలను కొలమానాలుగా మార్చాయి. కానీ ప్రశ్నావళికి మనిషి నిజం చెప్పాలి. వ్యసనంలో ఉన్నవాడు మొదట దాచేది ఆ నిజాన్నే.

ఆన్‌లైన్ ఆటలో మాత్రం ప్రతి పందెమూ తేదీతో, వేళతో, మొత్తంతో నమోదవుతుంది. హార్వర్డ్ వైద్య విద్యాలయానికి అనుబంధమైన కేంబ్రిడ్జ్ హెల్త్ అలయన్స్ పరిశోధకులు 'బివిన్' అనే ఐరోపా బెట్టింగు సంస్థ ఆర్థిక సహకారంతో, 2005 ఫిబ్రవరిలో చేరిన 40,499 మంది ఖాతాలను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ముందే ధర నిర్ణయమైన క్రీడా పందేల్లో మధ్యస్థ ఆటగాడు నాలుగు రోజులకొకసారి, నాలుగు యూరోల చొప్పున రెండు మూడు పందేలు కాసినట్లు తేలింది. అంటే అధిక సంఖ్యాకుల ఆట స్వల్పమైనది. హాని గణించవలసింది కొద్దిమందిలోనే. నిషేధం కోరేవారూ, ఆటను సమర్థించేవారూ ఇద్దరూ పట్టించుకోవలసిన ఫలితమిది.

ఆ కొద్దిమందిని తొలి నెలలోనే పోల్చవచ్చా అని బ్రేవర్‌మన్, షాఫర్ పరిశోధించారు. ఖాతా మూసివేసిన 530 మంది తొలి నెల ఆటను పరిశీలించగా నాలుగు గుర్తులు కలిసివచ్చిన చిన్న బృందం ఒకటి కనిపించింది: తరచుగా ఆడడం, ఒక్కో రోజు ఎక్కువ పందేలు కాయడం, పందెం మొత్తాల్లో ఎక్కువ హెచ్చుతగ్గులు, నెల గడిచేకొద్దీ పందెం పెరగడం. ఆ బృందంలో 73 శాతం మంది తరువాత జూద సమస్యలే కారణంగా ఖాతా మూశారు. సభాపర్వం కథగా చెప్పిన పణాల వరుస ఇక్కడ కొలతగా మారింది.

తరువాతి దశలో యంత్ర అభ్యసన పద్ధతులు వచ్చాయి. పని తీరు ఇలా ఉంటుంది. ప్రతి ఖాతా చిట్టా నుంచి కొన్ని సూచికలు తీస్తారు: ఒకే కూర్చోలో ఎన్నిసార్లు డబ్బు జమ చేశాడు, ఓడిన వెంటనే మళ్లీ జమ చేశాడా, గెలిచిన సొమ్ము వెనక్కి తీసుకోవడానికి పెట్టిన అభ్యర్థనను రద్దు చేసుకున్నాడా, అర్ధరాత్రి దాటాక ఎంతసేపు ఆడాడు. తమను తామే ఆట నుంచి నిషేధించుకున్నవారి ఖాతాలను ఉదాహరణలుగా చూపి మోడల్‌కు శిక్షణ ఇస్తారు. అటువంటి చిట్టా కొత్త ఖాతాలో కనిపిస్తే హెచ్చరిక వస్తుంది.

ఈ హెచ్చరిక ఎంత నమ్మదగినదో తెలుసుకోవడానికి ఒక ఊహాత్మక లెక్క వేయవచ్చు. పదివేల మంది ఆటగాళ్లలో వందమందికి నిజంగా సమస్య ఉందనుకుందాం. మోడల్ వారిలో 80 శాతం మందిని పట్టుకుని, మిగిలిన 9,900 మందిలో ఐదు శాతం మందిని పొరపాటున చూపిందనుకుందాం. అప్పుడు సరైన హెచ్చరికలు 80. తప్పుడు హెచ్చరికలు 495. హెచ్చరిక వచ్చిన ప్రతి ఏడుగురిలో ఒక్కరికే నిజమైన సమస్య. హెచ్చరిక తరువాత జరిగేది ఒక మంచి మాటా, ఒక విరామమా అయితే ఈ పొరపాటు భరించదగినదే. జరిగేది అరెస్టు అయితే ఎంతమాత్రం భరించరానిది.

7. సింగరాయకొండ కాలచక్రం

పై అధ్యయనాల్లోని ఆటగాళ్లు ఐరోపావారు. నెలనెలా జీతం అందుకునేవారు అధికంగా ఉండే సమాజాలు వారివి. అక్కడ పందెం మొత్తంలో ఆకస్మిక హెచ్చుతగ్గులు మనసు అదుపు తప్పినందుకు గుర్తు కావచ్చు. సింగరాయకొండ చుట్టుపక్కల అవి కేవలం ఋతువు మారినందుకు గుర్తు కావచ్చు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేటకు నిషేధం. ఆ రెండు నెలలు మత్స్యకారుడికి తీరిక ఎక్కువ, రాబడి తక్కువ. జూన్ మధ్యలో వల సముద్రంలోకి వెళ్లిన తరువాత చేతిలో డబ్బు కదులుతుంది. వేటలేని కాలంలో పది రూపాయలతో ఆడినవాడు జూన్ ఆఖరులో వంద రూపాయలతో ఆడితే, మోడల్ దానిని 'పెరుగుతున్న పందెం'గా లెక్కిస్తుంది. అతని రాబడితో పోలిస్తే అది పెరగకపోయి ఉండవచ్చు.

పొగాకు రైతుకు డబ్బు టంగుటూరు, కొండపి, కందుకూరు వేలం కేంద్రాల్లో బేళ్లు అమ్ముడైన తరువాత వస్తుంది. మిరప రైతు కల్లంలో ఎండబెట్టిన కాయను టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలిన తరువాతనో, ధర లేక కోల్డ్ స్టోరేజీలో ఉంచి అమ్ముకున్న తరువాతనో వస్తుంది. అంతకుముందు నెలలన్నీ ఎరువుల కొట్టులో ఖాతా, కమీషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు. అతని బ్యాంకు ఖాతాలో ఏడాదిలో కొద్ది రోజులే పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో కాసిన పందేన్ని గత నెలతో పోలిస్తే భయంకరంగా కనిపిస్తుంది. గత ఏడాది అదే ఋతువుతో పోలిస్తేనే అర్థవంతమవుతుంది.

దీనికి విపర్యయంగా, అసలు ప్రమాదం నిశ్శబ్దంగా ఉండవచ్చు. పంట లేని నెలల్లో చేబదులు తెచ్చి, చీటీపాట ముందే పాడి, నూటికి ఇంతని వడ్డీకి తీసుకుని నిలకడగా చిన్న పందేలు కాస్తున్న మనిషి చిట్టా ఎంతో ప్రశాంతంగా కనిపిస్తుంది. అతడు ఆడుతున్నది తన రాబడితో కాదు, రాబోయే పంటతో. ఆ అప్పు నోటి మాట మీద, ప్రామిసరీ నోటు మీద నడిచేది. ఏ ఆన్‌లైన్ సంస్థ దత్తాంశంలోనూ ఉండదు. ఐరోపా మోడల్ ఇక్కడ రెండు విధాలా తప్పుతుంది: ఋతువును వ్యసనంగా చూస్తుంది, వ్యసనాన్ని నిలకడగా చూస్తుంది.

మూడో చిక్కు ఖాతాకూ మనిషికీ ఉన్న తేడా. ఇంటికి ఒకటే ఫోను, తండ్రి పేరున యు.పి.ఐ., ఆడేది కొడుకు. అలాంటప్పుడు హెచ్చరిక చేరేది ఎవరికి? ఒకే మనిషి నాలుగు యాప్‌లలో నాలుగు ఖాతాలతో ఆడితే ఏ ఒక్క సంస్థకూ అతని పూర్తి చిట్టా కనబడదు. ఈ లోపాన్ని బ్యాంకు లావాదేవీలతో కొంతవరకు పూడ్చవచ్చునని 2021లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. అందులో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లాయిడ్స్ బ్యాంకుకు చెందిన 65 లక్షల మంది వరకు ఖాతాదారుల వివరాలను పేర్లు లేకుండా పరిశీలించి, జూదంపై ఖర్చు పెరిగేకొద్దీ ఆర్థిక ఇబ్బందులు, నిరుద్యోగం, మరణాల రేటు కూడా ఎక్కువగా ఉన్నట్లు చూపారు. బ్యాంకుకు మనిషి మొత్తం రాబడి, ఖర్చు కనిపిస్తాయి. ఋతువును లెక్కలోకి తీసుకునే వీలు అక్కడే ఎక్కువ. అయితే నోటి మాట అప్పు బ్యాంకుకూ కనిపించదు.

8. నిషేధం, శిక్ష, దత్తాంశం

దత్తాంశం ఎవరి చేతిలో ఉండాలన్నది సాంకేతిక ప్రశ్న మాత్రమే కాదు. ఎక్కువ ఆడేవాడే సంస్థకు ఎక్కువ రాబడి తెచ్చేవాడు. అతణ్ణి గుర్తించే మోడల్‌తో సహాయమూ చేయవచ్చు, బోనస్ ఎర కూడా వేయవచ్చు. లెక్క ఒకటే; ఉద్దేశమే వేరు. అందువల్ల గుర్తింపు బాధ్యతను లాభం పొందేవారికే వదిలివేయడంలో 1967 తీర్పు హెచ్చరించిన చిక్కే మళ్లీ ఎదురవుతుంది.

రాష్ట్రాల నిషేధ చట్టాలు మరో విధమైన ఇబ్బందిని తెచ్చాయి. ఆడేవాడు కూడా నేరస్థుడే అయినప్పుడు అతని ఆట చిట్టా నేరానికి సాక్ష్యమవుతుంది. సహాయం కోరడమంటే నేరం ఒప్పుకోవడమే. అటువంటి చట్టం కింద ఏ భార్యా భర్త సంగతి ఆసుపత్రిలో నిర్భయంగా చెప్పలేదు. తమిళనాడు కొంత వేరే దారి పట్టింది. 2022 చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థ 2025లో నియమాలు చేసి, అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు గంటల వరకు డబ్బు ఆటలను ఆపింది. మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో ఆ నియమాలను సమర్థించింది. రాత్రి ఆట ప్రమాద సూచిక అన్న పరిశీలన అక్కడ అందరికీ వర్తించే నియమమైంది. ఎవరి చిట్టానూ తెరవకుండానే దత్తాంశ జ్ఞానాన్ని వాడుకున్న తీరు ఇది.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. అర్ధశతాబ్దికి పైగా న్యాయస్థానాల్లో నలిగిన ఆట స్వభావపు చర్చను అది పక్కకు పెట్టింది. నిర్వాహకులకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా నిర్ణయించి, చెల్లింపులు జరపకుండా బ్యాంకులను నిరోధించింది. ఆడేవారికి మాత్రం శిక్ష విధించలేదు. ఈ చట్టం చెల్లుబాటుపై వ్యాజ్యాలను సుప్రీంకోర్టు తన ముందుకు తెచ్చుకుంది.

ఆడేవాణ్ణి నేరస్థుడిగా చూడకపోవడం తెలుగు ప్రాంతపు జూద చట్టాల చరిత్రలో పెద్ద మలుపు. 1930 నుంచి 2020 దాకా పట్టుబడినవాడంటే ముద్దాయే. ఇప్పుడు అతణ్ణి బాధితుడిగా గుర్తించే వీలు ఏర్పడింది. అదే సమయంలో మరో వీలు తగ్గిపోయింది. నమోదైన సంస్థలు డబ్బు ఆటలు ఆపితే వాటి చిట్టాలు కూడా ఆగుతాయి. విదేశీ వెబ్‌సైట్లకు తరలినవారి చిట్టా ఏ పరిశోధకుడికీ అందదు. ఇక మిగిలేవి బ్యాంకు, ఆసుపత్రి, ఇల్లు.

9. ముగింపు

చట్టం ఇంటిని చూసినప్పుడు ఇల్లు దొరికింది. న్యాయస్థానం ఆటను తూచినప్పుడు ఆట తేలింది. ఏది కంటికి అందుబాటులో ఉందో దానినే జూదంగా నిర్వచించడం ఈ చరిత్ర అంతటా కనిపిస్తుంది. దత్తాంశ విజ్ఞానం కూడా ఈ అలవాటుకు అతీతం కాదు. దానికి ఖాతా కనిపిస్తుంది కాబట్టి ఖాతానే మనిషి అనుకునే ప్రమాదముంది. అయినా పందేల వరుసను, దాని వెనుక ఆగలేనితనాన్ని చూడగలగడంలో అది మొదటిసారిగా చట్టాన్ని దాటి సాహిత్యం దగ్గరికి వచ్చింది.

సింగరాయకొండ వంటి ప్రాంతానికి అది ఉపయోగపడాలంటే మూడు మార్పులు అవసరం. మొదటిది, మనిషి ఆటను గత నెలతో కాక అతని గత ఏడాది అదే ఋతువుతో పోల్చాలి. వేట నిషేధ దినాలు, వేలం కాలం, యార్డు రాకలు మోడల్‌కు తెలియాలి. రెండవది, ఆ లెక్కను లాభంతో సంబంధం లేని సంస్థ చేయాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం పరిధిలో, మనిషి సమ్మతితో చేయాలి. మూడవది, హెచ్చరిక పోలీసు స్టేషనుకు కాక వైద్యానికి దారితీయాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ 2014లో సాంకేతిక వ్యసనాలకు ప్రత్యేక చికిత్సా విభాగం ప్రారంభించింది. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ 14416 నంబరు ద్వారా తెలుగులో కూడా మానసిక ఆరోగ్య సలహా అందుతున్నది. మార్గం ఉంది, హెచ్చరికను ఆ మార్గానికి కలపడమే మిగిలింది.

ఇవి జరగకపోతే కొత్త లెక్క కూడా పాత పంచనామా దారిలోనే నడుస్తుంది: మిర్చి అమ్మిన వారంలో సరదాగా ఆడినవాడి పేరు జాబితాలోకి ఎక్కుతుంది, రాబోయే పంటను ఇప్పుడే ఒడ్డినవాడి పేరు ఎవరికీ కనిపించదు.